మా చిన్నమ్మ బర్రెలు, బ్రూవరీ బోర్డు

ఆ రోజుల్లో నేను ఏం రాసినా ఊరంతా నవ్వాలని ఉండేది. ఆ రోజులంటే మరీ పాతవేం కావు, ఆరేళ్ల కిందటి మాట. వయసు ఇరవై రెండు, చేతిలో మైక్రోబయాలజీ డిగ్రీ, జహీరాబాద్‌లో హైవే పక్కన కొత్తగా తెరిచిన చిన్న బ్రూవరీలో మొదటి ఉద్యోగం. ముందువైపు పబ్బు, వెనకవైపు బీరు తయారయ్యే పెద్ద పెద్ద స్టీలు పీపాలు. నా పని వెనకవైపే, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా. బీరును పులియబెట్టే ఈస్టు ఆరోగ్యం ఎలా ఉందో మైక్రోస్కోపులో చూడడం, పీపాల్లో వేడి ఎంతుందో చూసి పుస్తకంలో రాయడం. కోహీర్‌లో మా నాన్న మాత్రం ఎవరడిగినా బిడ్డ ల్యాబులో చేస్తున్నదని చెప్పి, ఏ ల్యాబని వాళ్లు అడిగేలోపే మాటను అల్లం పంట మీదికి మళ్లించేవాడు. (అల్లం గురించి ఆయన ఆపకుండా గంటసేపు మాట్లాడగలడు. నా ఉద్యోగం పరువు చాలాకాలం ఆ అల్లమే కాపాడింది.)

మా యజమాని ట్రాక్టర్లు తయారుచేసే చోట చాలాకాలం పనిచేసి బయటికొచ్చిన మనిషి. ఇంజనీర్ సార్ అనేవాళ్లం. ఆయనకు ఒకరోజు నా పుస్తకంలోని చేతిరాత కంటపడింది. అప్పటినుంచి గేటు పక్కనున్న నల్లబోర్డు మీద ప్రతి శనివారం వార్తలు రాసే పని కూడా నాకే వచ్చిపడింది. పైన 'వార్తలు - విశేషాలు' అని పెద్దగా రాసేదాన్ని. కింద మంగళవారం పైపులు కడుగుతాం కాబట్టి పబ్బుకు సెలవని, వచ్చే వారం అల్లం బీరు వస్తోందని, క్విజ్ పోటీలో మొగుడంపల్లి వాళ్ల జట్టు గెలిచిందని రాసేదాన్ని. గేటు ముందు స్పీడ్ బ్రేకర్ ఉండడంతో లారీలూ బస్సులూ అక్కడ నెమ్మదించేవి, జనం తలలు బయటపెట్టి చదివేవాళ్లు. ఒకసారి బస్సు కిటికీలోంచి ఒకాయన చదివి నవ్వడం నా కళ్లతో చూశాను. అంతే, ఇక నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఈస్టు సంగతి ఈస్టు చూసుకుంటుందిలే అని వారమంతా శనివారం ఏం రాయాలా అని ఆలోచించేదాన్ని.

ఊళ్లో నేనుండేది చిన్నమ్మ ఇంట్లో. అమ్మకు సొంత చెల్లెలు. వాళ్ల పుట్టిల్లు బీదర్ వైపు, అందుకని చిన్నమ్మకు కోపమొస్తే నోట్లోంచి కన్నడ వచ్చేది, కోపం తగ్గితే తెలుగు. చిన్నాయన పోయాక ఐదు బర్రెలతో పాల వ్యాపారం మొదలుపెట్టి, ఇల్లిల్లూ తిరిగి, నీళ్లు కలపదన్న ఒక్క పేరుతో పదిహేనేళ్లుగా నిలబడింది. బస్టాండు దగ్గర చాయ్ హోటల్ నడిపే చాచా, మా వెనక గల్లీలో ఉండే రిటైరైన టీచరమ్మ, గుడి పంతులు, ఇంకో ఇరవై ఇళ్ల దాకా ఆమె పాలే. ఆ ఇంటికి మరో ఆధారం లేదు.

బీరుకు బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, తీపి నీళ్లన్నీ దించేసుకున్నాక మిగిలేది పిప్పి. మా దగ్గర అది డ్రమ్ములకొద్దీ మిగిలేది, సార్ దాన్ని ఊరవతల పారబోయించేవారు. పశువులకు అది మంచి దాణా అని చదివి ఉన్నాను కాబట్టి చిన్నమ్మకు ఇద్దామని నేనే అడిగాను, ఆయన సరేనన్నారు. ఈస్టు కలిపేది ఆ తర్వాతే, అదీ వేరే పీపాలో. కాబట్టి పిప్పిలో మత్తు ఉండే మాటే లేదు. చిన్నమ్మ మొదట ఒక గుప్పెడు వాసన చూసింది, నోట్లో వేసుకుని నమిలింది, ఆ తర్వాతే తౌడులో కలిపి పెట్టింది. నెల తిరిగేసరికి పాలు చిక్కబడ్డాయి, ఇంటికొచ్చిన వాళ్లందరితో మా బిడ్డ చదువు అక్కరకొచ్చిందని చెప్పుకుంది. నేను వద్దు వద్దంటూనే మెడ ఎత్తుకుని తిరిగాను.

ఆ సంతోషంలో ఒక శనివారం బోర్డు మీద ఇలా రాశాను: 'మా బార్లీ పిప్పి తింటున్న మా చిన్నమ్మ బర్రెలు సాయంత్రమైతే వరసగా నడుచుకుంటూ మా గేటు దాకా వచ్చి, రెండో గ్లాసు ఎప్పుడని అడుగుతున్నాయి.' రాసి, రెండడుగులు వెనక్కి వెళ్లి చదువుకుని, నేనే నవ్వుకున్నాను. ఒక ఊహ రాశాననుకున్నాను గానీ, ఆ ఊళ్లో నేనెవరి బిడ్డనో, నా చిన్నమ్మ ఎవరో, ఆమె బర్రెలు ఏ ఇళ్లకు పాలిస్తాయో అందరికీ తెలుసన్న సంగతి నాకు తట్టలేదు. మధ్యాహ్నానికి బోర్డు ఫొటో ఊళ్లోని వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి, చివరికి కోహీర్‌లో మా నాన్న ఫోన్లోకి కూడా చేరింది. (ఆయన అల్లం కూడా ఆరోజు ఏమీ చేయలేకపోయింది.)

ఆదివారం పొద్దున పాలు పోయడానికి వెళ్లిన చిన్నమ్మ క్యాన్లు బరువు తగ్గకుండానే తిరిగొచ్చింది. పంతులుగారు అభిషేకానికి ప్యాకెట్ పాలు తెప్పించుకున్నారట. టీచరమ్మ రెండు రోజులు ఆగుదామందట. కొన్ని ఇళ్ల వాళ్లు తలుపు తీసి నవ్వి, ఈరోజుకి వద్దన్నారట. ఇవన్నీ నాకు పక్కింటివాళ్లు చెప్పిన సంగతులు, చిన్నమ్మ చెప్పలేదు. ఆమె నన్ను కన్నడలోనూ తిట్టలేదు, తెలుగులోనూ తిట్టలేదు. మిగిలిన పాలు కాచి తోడు పెట్టింది. సోమవారం కూడా అంతే, మంగళవారం కూడా అంతే. ఇంట్లో ఏ గిన్నె మూత తీసినా పెరుగే. మూడు పూటలా మజ్జిగచారుతో అన్నం తింటూ తలెత్తకుండా కూర్చునేదాన్ని. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని, ఆమె నాకా అవకాశం ఇవ్వలేదు. నిజంగా భయమేసింది. పదిహేనేళ్లు పొద్దున్నే లేచి కట్టుకున్న పేరును నేను ఒక సుద్దముక్కతో పాడుచేశానని అప్పుడు బాగా తెలిసొచ్చింది.

నేను పోగొట్టింది నేనే సరిదిద్దాలని పౌరుషం వచ్చి, శనివారం దాకా ఆగకుండా బుధవారమే బోర్డు తుడిచి, పిప్పి అంటే ఏమిటో, ఈస్టు ఎప్పుడు కలుపుతామో, వేడి ఎంతో, అన్నీ అంకెలతో సహా రాశాను. చివర 'మా పిప్పిలో మత్తు లేదు' అని రాసి కింద గీత గీశాను. ఆ గీతే కొంప ముంచింది. ఏమీ లేకపోతే గీత గీసి మరీ ఎందుకు రాస్తారని ఊరంతా అనుకుంది. అంతకుముందు విషయం తెలియని వాళ్లకు కూడా ఇప్పుడు తెలిసింది. ఇంజనీర్ సార్ బోర్డు చూసి, కొన్ని యంత్రాలు ముట్టుకోకుండా వదిలేస్తేనే నడుస్తాయని మాత్రం అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం చాచా హోటల్‌కు వెళ్లి, ఒకసారి బ్రూవరీకి వచ్చి పిప్పిని కళ్లారా చూడమని బతిమాలాను. ఆయన నాకు చాయ్ పోసి, ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు తెల్వదా బేటీ, బర్రెలు తాగుతయా? నీ పిప్పితోని నాకు ఫికర్ లేదు. గీళ్లను చూడు జర."

చూశాను. రోజూ వచ్చే ఆటో వాళ్లు నలుగురు చాయ్ గ్లాసులు పట్టుకుని, రెండు గుటకలు తాగి, బెంచీ మీద అటూ ఇటూ ఊగుతున్నారు. ఒకడు రెండో గ్లాసు ఎప్పుడు చాచా అని నాలుక మడతేసి అడిగాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇదే వరస అని, ఇక భరించలేక సోమవారం నుంచి వేరే పాలు వాడుతున్నా వీళ్లు మానడం లేదని చాచా చెప్పాడు. అంటే నా మాటను నిజమని నమ్మినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. చిన్నమ్మ పాలు తీసుకుంటే పక్కవాళ్లు నవ్వుతారని మాత్రమే వాళ్ల భయం. దానికి నా అంకెల్లో మందు లేదు.

మర్నాడు గురువారం, తెల్లవారుతూనే పెద్ద బర్రె ఈనింది. ఆడ దుడ్డె. చిన్నమ్మ దానికి కడుపునిండా తాగించాక, మిగిలిన జున్నుపాలను చిన్న చిన్న గిన్నెల్లో పోసి, మూతుల మీద గుడ్డలు కట్టింది. ఏ బర్రె ఈనినా మొదటి జున్నుపాలు తను పాలు పోసే ఇళ్లన్నిటికీ ఊరికే ఇచ్చి రావడం ఆమె పద్ధతి. ఆ గిన్నెను ఎవరూ వట్టిగా తిరిగివ్వరు, కడగరు కూడా. బాలింత బర్రె కోసం అందులో గుప్పెడు గింజలు వేసి ఇస్తారు. గిన్నె వట్టిగా వచ్చిందంటే ఆ ఇంటికీ మన బర్రెకూ ఇక సంబంధం లేనట్టే. పదిహేనేళ్లలో ఒక్క గిన్నె కూడా వట్టిగా రాలేదు. ఈసారి ఎన్ని వట్టిగా వస్తాయో. రెండు రోజులు ఆగి ఇద్దామా చిన్నమ్మా అని మెల్లగా అడిగాను. ఐదు రోజుల తర్వాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అప్పుడే విన్నాను.

"నువ్వు రాసినవ్, నువ్వే మొయ్యి. నేను ఎన్క వస్త."

మొదట టీచరమ్మ ఇల్లు. తలుపు తీసి ఆమె గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది, గేటు దగ్గర నిలబడ్డ చిన్నమ్మ వైపు చూసింది. గిన్నె అందుకుని లోపలికి వెళ్లింది. ఎంతసేపటికీ రాలేదు. లోపల గిన్నెల చప్పుడు, కుళాయి చప్పుడు. గిన్నె కడుగుతోందనే అనుకున్నాను. చివరికి వచ్చి గిన్నె చేతికిచ్చింది. అడుగున తెల్లటి తడి అలాగే ఉంది, దానికి అంటుకుని గుప్పెడు జొన్నలు.

"జొన్నల డబ్బా దొరకలే, గందుకే లేటైంది. ఏయ్ పిల్లా, నీ బోర్డుల అచ్చుతప్పులు లేవు గని, బుద్ధి తప్పు ఉన్నది. రేపటి సంది పాలు పొయ్యమను."

పోయమని నాకు చెప్పింది గానీ, గేటు దగ్గర ఉన్న చిన్నమ్మకు అక్షరం పొల్లుపోకుండా వినబడింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకోవడం చూశాను. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగాం. జున్నును వద్దనగలిగే మనిషి ఇంకా మా వైపు పుట్టలేదని ఆరోజు తెలిసింది. ఒకావిడ మాత్రం గోధుమలు వేస్తూ, ఇవి తిని మీ బర్రె ఏమన్నా పాట పాడుతుందా అని అడిగింది. నేను నోరు తెరవబోయి చిన్నమ్మ చూపు చూసి మూసుకున్నాను.

చివర చాచా హోటల్. ఆటో వాళ్లు నలుగురూ బెంచీ మీదే ఉన్నారు, నన్ను చూడగానే ఊగడం మొదలుపెట్టారు. చాచా వాళ్ల వైపు చూడకుండా జున్నుపాలలో పాలు, బెల్లం, ఏలకులు కలిపి, అక్కడే పొయ్యి మీద ఆవిరికి పెట్టాడు. ఉడికేదాకా మమ్మల్ని కూర్చోమన్నాడు. అరగంట. వాసన బయటికి రావడం మొదలయ్యాక ఊగడం కొంచెం నెమ్మదించింది. జున్ను ముక్కలు కోసి ప్లేట్లలో పెడుతూ చాచా ఒకే మాట అన్నాడు, ఊగెటోళ్లకు లేదు అని. నలుగురూ బడిపిల్లల్లా నిటారుగా కూర్చున్నారు. తిన్నాక ఒకడు లేచి వచ్చి, అమ్మా తప్పైంది, మేం మజాక్‌కు చేసినం అన్నాడు. చిన్నమ్మ అతని ప్లేటులో ఇంకో ముక్క వేసింది. చాయ్ హోటల్లో గింజలెక్కడివి, చాచా నాలుగు బిస్కెట్లు గిన్నెలో వేసి ఇచ్చాడు. (పెద్ద బర్రె ముందుగా తిన్నది వాటినే.)

శనివారం సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాను. ఏం రాయాలో తోచలేదు. ఎప్పుడూ అటువైపు రాని చిన్నమ్మ పిప్పి డ్రమ్ము తీసుకెళ్లే సాకుతో వచ్చి నా పక్కన నిలబడింది.

"రాయి. పెద్ద బర్రె ఈనింది. ఆడ దుడ్డె. తల్లీ బిడ్డ మంచిగున్నరు."

ఇంకేమైనా రాయనా అని అడిగాను.

"ఇంకేం గావాలె? వార్త అంటే గదే. గంతే."

అంతే రాశాను. బోర్డు సగం ఖాళీగా ఉండిపోయింది. ఎవరూ నవ్వలేదు గానీ, ఆ సాయంత్రం పబ్బుకు వచ్చినవాళ్లలో సగం మంది దుడ్డె ఎలా ఉందని అడిగారు. బస్సు కిటికీల్లోంచి కూడా అడిగారు. నేను రాసిన వార్తల్లో జనం నిజంగా పట్టించుకున్నది అదొక్కటే.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో మందుల తయారీ ల్యాబులో పనిచేస్తున్నాను. (నాన్న ఇప్పుడు ల్యాబు అని గట్టిగా చెప్పి, అల్లం మాట ఎత్తడం లేదు. ఆ అల్లం కబుర్లు లేని లోటు నాకు తెలుస్తోంది.) ఆ దుడ్డె పెరిగి పెద్దదై పోయిన నెల ఈనింది. చిన్నమ్మ గుడ్డ కట్టిన గిన్నెలో జున్నుపాలు తెలిసినవాళ్ల వెంట బస్సులో పంపింది. గిన్నె తిరిగి పంపేటప్పుడు వంటగదంతా వెతికినా గింజలు దొరకలేదు, ఒక గుప్పెడు ఓట్స్ వేసి పంపాను. రెండు రోజులకు ఫోన్ చేసి, నీ పట్నం దాణాకు బర్రె మొహం తిప్పుకుందని చెప్పింది. నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. పాత బోర్డూ సుద్దముక్కా ఉంటే ఎంత బాగుండునని ఒక్క క్షణం చేయి దురద పెట్టింది. ఆ నవ్వు వినగానే అవతల చిన్నమ్మకు నా సంగతి అర్థమైపోయింది.

"మళ్ల రాస్తవ్ గదా నువ్వు. రాస్తే రాయి గని, ముందుగాల మంచిగున్నరని రాయి."

ముందుగా రాయడం మరిచిపోయాను, ఇప్పుడు రాస్తున్నాను. తల్లీ బిడ్డ మంచిగున్నరు. గంతే.