జూన్ ఒకటిన పుట్టినవాళ్ళు

కర్ణాటకలోని మా బీదర్‌లో నా ఈడువాళ్ళను పుట్టినరోజు ఎప్పుడని అడిగి చూడండి. సగం మంది జూన్ ఒకటి అంటారు. బడిలో చేర్పించేటప్పుడు అమ్మానాన్నలు సంవత్సరం చెప్పేవారు, తేదీ మాత్రం చెప్పలేకపోయేవారు. కన్నడ మేష్టారు బడి తెరిచే తేదీనే రాసి పడేసేవాడు. నాదీ జూన్ ఒకటే. నేను పనిచేసే హైదరాబాద్ ఆఫీసులో ఈ సంగతి తెలిసి ఒకటే నవ్వు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, హేబ్సిబా అక్క బతుకులో నేను పెట్టిన చిచ్చు అక్కడే మొదలైంది.

హేబ్సిబా అక్క మా చర్చి ఆఫీసులో పదకొండేళ్ళు టైపిస్టు. మాట తక్కువ, పని ఎక్కువ. సంఘం పుస్తకానికి చెదలు పట్టి సగం పేజీలు రాలిపోతే, మిగిలినవి చూసి కొంత, ఇల్లిల్లూ తిరిగి కొంత, పదకొండు వందల మంది పుట్టుకలూ బాప్తిస్మాలూ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. కమఠాణ పల్లె దాకా బస్సులో పోయి ముసలమ్మల పక్కన కూర్చునేది. "రజాకార్ల గడ్బడ్ అయితున్నప్పుడు నేను మా అవ్వ సంకలున్ననట బిడ్డా" అని ఒకామె అంటే, ఆమె అన్న ఎప్పుడు పుట్టాడు, చెల్లె ఎప్పుడు పుట్టింది అని అడిగి, వేళ్ళ మీద లెక్కేసి సంవత్సరం తేల్చేది. రోజు తేలకపోతే బడివాళ్ళ లాగే జూన్ ఒకటి వేసేది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

అది రెండు వేల నాలుగు. అమీర్‌పేటలో పల్లీలు అమ్మేవాడు కూడా జావా నేర్చుకుంటున్నాడని చెప్పుకునే రోజులు. నాకు అక్కడే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. లోకంలో నూటికి తొంభై మంది వాడే విండోస్ మీద నడిచే ప్రోగ్రాములను, ఎక్కడో కొద్దిమంది వాడే ఫ్రీబీఎస్‌డీ లాంటి వాటి మీద నడిచేలా మార్చడం మా పని. పోర్టింగ్ అంటారు. ఇల్లు మారడం లాంటిదే. సామాను అదే, కొత్తింటి తలుపుల కొలత వేరు. మంచం దూరకపోతే కోళ్ళు విప్పాలి. ఏది విప్పాలో, ఏది పారేయాలో సామాను గలవాళ్ళను అడగాలి. ఆ చివరి ముక్క నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు.

సంఘం కార్యదర్శి యెహోషువ మామ ఒక ఆదివారం నన్ను పట్టుకున్నాడు. "ఏమయ్యా జీవరాజ్, మన ఆఫీసు కంప్యూటర్ల ఉన్న విండోస్ దొంగ సీడీదట గద. దేవుని ఇంట్ల దొంగ సొమ్ము ఉండొచ్చునా?"

"ఫుకట్‌గ దొరికేది, దొంగతనం లేనిది ఉంది మామా. నేను పెడ్త" అన్నాను, పెద్ద పోటుగాడిలా. నా లోపలి మాట వేరు. ఒక్కడే కూర్చొని మొత్తం ప్రోగ్రాం మార్చి చూపించినవాణ్ణి టీమ్ లీడ్‌ను చేస్తానని మేనేజర్ అన్నాడు. చర్చి రిజిస్టర్ ప్రోగ్రాం అందుకు సరిగ్గా సరిపోయింది.

నాలుగు వారాలు శని, ఆదివారాలు చర్చి ఆఫీసులో కూర్చున్నాను. ప్రోగ్రాం కొత్త చోట లేచి నిలబడింది, తెలుగు అక్షరాలు కూడా ముత్యాల్లా వచ్చాయి. పాత వివరాలను అందులోకి మారుస్తుంటే జూన్ ఒకట్లు వరసగా కనిపించాయి. మూడు వందల పన్నెండు. ఆఫీసులో నవ్విన నవ్వంతా చెవుల్లో మోగింది. దొంగ సీడీని తీసేస్తున్నవాణ్ణి, దొంగ తేదీలను ఉంచుతానా అని రోషం వచ్చింది. జూన్ ఒకటి కనిపిస్తే ఆ గడి ఖాళీగా వదిలెయ్ అని ప్రోగ్రాంలో ఒక్క లైను రాశాను. తేదీతో పాటు సంవత్సరమూ పోయింది. తేదీ అబద్ధమే కానీ సంవత్సరం నిజం కదరా వెధవా అని నన్ను నేను తిట్టుకోవలసిన రోజు అది, తిట్టుకోలేదు. హేబ్సిబా అక్క టీ తెచ్చిచ్చి, "ఏమన్న అడిగేదుంటే అడుగు తమ్మీ" అని కూడా అంది. ఏమీ లేదన్నాను.

పాత డిస్కు మొత్తం తుడిచేశాను. తుడిచే ముందు అలవాటు కొద్దీ పాత వివరాలను ఒక సీడీ మీదికి ఎక్కించి నా సంచిలో వేసుకున్నాను. ఆ ఆదివారం ఆరాధనలో నాకు శాలువ కప్పి ప్రార్థన చేశారు.

మూడు నెలలకు బక్కమ్మ ఆఫీసుకు వచ్చింది. ఒక హాస్టల్లో ఆయా. వయసు చూపించే కాగితం తెస్తేనే నౌకరి, లేకపోతే ఇంటికే అన్నారట. హేబ్సిబా అక్క సర్టిఫికెట్ తీస్తే పుట్టిన తేదీ దగ్గర ఖాళీ. ఇంకొకరిది తీసింది, ఖాళీ. వెతికిన కొద్దీ ఖాళీలే. యెహోషువ మామ నాకు ఫోన్ చేశాడు.

"మూడు వందల మంది పుట్టుకలు గాయబ్ అయినయ్. తప్పు మిషన్‌దా, మనిషిదా? సాఫ్ చెప్పు."

"చూసి చెప్త మామా" అన్నాను. చూశాను. రెండు నిమిషాలు పట్టలేదు. నేను రాసిన లైను నా ముందే ఉంది. మర్నాడు అదే ప్రోగ్రాంను మేనేజర్‌కు చూపించాలి. తప్పు ఉందని తెలిస్తే ఆ పదవి ఇంకొకడికి పోతుంది. సాయంత్రం ఫోన్ చేసి, "ప్రోగ్రాం మంచిగనే ఉంది మామా. కొత్తది గద, అక్క ఏదన్న నొక్కిందేమో" అన్నాను. నొక్కింది అనలేదు, నొక్కిందేమో అన్నాను. ఆ 'ఏమో'ను అడ్డం పెట్టుకొని నాలుగు నెలలు హాయిగా తిరిగాను.

కమిటీవాళ్ళు హేబ్సిబా అక్కను ఇంట్లో ఉండమన్నారు. కంప్యూటర్ కోర్సు చేసిన లీయా అనే అమ్మాయిని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. బక్కమ్మ వయసును ఒక డాక్టరు చూపుతోనే తేల్చేసి ఎక్కువ రాసిస్తే, హాస్టల్‌వాళ్ళు రెండేళ్ళు ముందుగానే పంపించేశారు. హేబ్సిబా అక్క ఎవరితోనూ వాదించలేదు. తనే ఏదో చేసిందని నమ్మింది.

మా చర్చిలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు భోజనం, ముందుకు పిలిచి రొట్టె ఇస్తారు. మనసులో తీరని తప్పు ఉన్నవాళ్ళు లేవరు, బెంచీలోనే ఉండిపోతారు. హేబ్సిబా అక్క చివరి బెంచీలో తల వంచుకొని ఉండిపోయేది. నేను, టీమ్ లీడ్‌ను, కొత్త బండి మీద హైదరాబాద్ నుంచి దిగి, ముందుకు పోయి మోకాళ్ళ మీద కూర్చొని రొట్టె తీసుకునేవాణ్ణి. గొంతుకు అడ్డం పడలేదు. పడితే బాగుండేది.

ఒకసారి ఇంటికొచ్చి అన్నం తింటుంటే మా అమ్మ అంది. "హేబ్సిబా నిన్న కమఠాణ రోడ్డు మీద ఎండల నడుస్తుంటె చూసిన. బస్సు పైసల్లేక కావచ్చు. నోట్‌బుక్కు పట్టుకొని ఇంటింటికి పోయి మళ్ళ అందరి ఏండ్లు రాస్తాంది. ఏం జేస్తం, చేసుకున్నోళ్ళకు చేసుకున్నంత."

కంచంలోనే చెయ్యి కడిగేశాను. ఆమె ఎండలో నడిచి రాస్తున్న సంవత్సరాలన్నీ నా టేబుల్ సొరుగులో, సీడీలో ఉన్నాయి. ఆ వారమంతా ఆఫీసులో ఎవరు పిలిచినా ఉలిక్కిపడ్డాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేనేనని అప్పుడు తెలిసింది. శనివారం సీడీ తీసుకొని ఆమె ఇంటికి పోయాను.

చాటలో జొన్నలు చెరుగుతోంది. "అక్కా, నువ్వేం నొక్కలే. నేనే తీసేసిన. ఆ రోజు ఫోన్ల అబద్ధం చెప్పిన" అన్నాను.

చాట కింద పెట్టింది. చేతుల దుమ్ము దులుపుకుంటూ అంది. "నువ్వు ఫోన్ల చెప్పినప్పుడు నేను మామ పక్కనే ఉన్న తమ్మీ. సదువుకున్నోనివని నీ మాట నమ్మిన. నాలుగు నెలల సంది మోకాళ్ళ మీద పడి, ఏం నొక్కిన్నో యాదికొస్తలేదు ప్రభువా, క్షమించు అంటున్న. రోజు అదే."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "నాకు చెప్తె ఏమొస్తది? శాలువ కప్పిన కాడ చెప్పు" అంది.

మర్నాడే మొదటి ఆదివారం. భోజనానికి ముందు లేచి నిలబడ్డాను. కుండ బద్దలు కొట్టినట్టు అంతా చెప్పాను, మేనేజర్ సంగతి, ఫోన్లో అబద్ధం, సీడీ, ఏదీ దాచలేదు. తిడతారనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. యెహోషువ మామ లేచి కళ్ళు తుడుచుకున్నాడు. "చూసిండ్రా, పెద్ద కంపెనీల ఉండి గూడ ఎంత తగ్గింపు మనసో. వేరేటోడైతే దాస్తుండె" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. చివరి బెంచీ వైపు ఒక్కరూ తిరగలేదు. కాసేపటికి హేబ్సిబా అక్క తనే లేచి వచ్చి, నా పక్కన మోకాళ్ళ మీద కూర్చొని రొట్టె తీసుకుంది.

ఆరాధన అయ్యాక అరగంటలో తేదీలన్నీ తిరిగి ఎక్కించాను. అక్కను మళ్ళీ పనిలోకి తీసుకోండి అని కమిటీవాళ్ళ వెంట పడ్డాను. "లీయాను పెట్టుకున్నం గద, ఇప్పుడు తీసేస్తె బాగుంటదా? ఆమె గూడ ఈ నడుమ అలసిపోయింది, రెస్టు తీసుకోనియ్యి" అన్నారు. గొంతు పెంచి అరిచాను. "ఊకో నాయనా, నీ మనసు మాకు తెలుసు" అని భుజం తట్టారు.

గేటు దగ్గర ఆమెను అందుకున్నాను. "నన్ను తిట్టక్కా" అన్నాను.

"తిట్టేదేముంది తమ్మీ. నిన్ను అందరు క్షమించిండ్రు" అంది. కొంగు తల మీదికి లాక్కుంది. "నన్ను మాత్రం ఎవ్వరేమనలే. తప్పు చెయ్యలేదాయె, ఇగ నాతోని ఏం మాట ఉంటది."

పోతున్న అని చెప్పి రోడ్డెక్కింది. ఆమె వెనక పోదామనుకున్నాను. ఇంతలో సంఘపెద్ద ఒకాయన నవ్వుతూ, చెయ్యి చాపుకుంటూ నా వైపు వచ్చాడు. ఇవ్వకూడదనుకున్నాను. ఇచ్చాను.