నోరు లేని చిమ్మట, నోరున్న నేను

బేరంలో నన్ను ఓడించేవాడు ఇంకా పుట్టలేదని ఎనభైల మొదట్లో నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం కాలిఫోర్నియాలోని డబ్లిన్ అనే ఊళ్లో ఒక పెద్దాయన గరాజ్ ముందు ఎలా మట్టి కరిచిందో చెబుతాను. చేతిలో కాఫీ ఉంటే పక్కన పెట్టండి, పొలమారుతుంది.

మా ఆవిడ సరళ అప్పట్లో యూనివర్సిటీలో పురుగుల చదువు చదువుతోంది. ఆఫ్రికా పల్లపు వాన అడవుల్లో తిరిగే ఒక చిమ్మట గురించి సోమవారం క్లాసులో మాట్లాడాలి. పుస్తకంలో బొమ్మ తప్ప అసలుదాన్ని చూసిన పాపాన పోలేదు. శనివారం, ఇంట్లో పాత సామాన్లు బయట పరిచి అమ్మే ఆ గరాజ్ సేల్‌లో, పాత కుర్చీల మధ్య, అద్దాల పెట్టెలో అదే చిమ్మట కనిపించింది. అరచేయంత రెక్కలు, వాటి మీద కళ్లలాంటి మచ్చలు. సరళ నా మోచెయ్యి గిల్లేసింది.

"నువ్వెళ్లి కారు దగ్గర నిలబడు. మొహంలో ఇష్టం కనిపించిందంటే రేటు పెంచేస్తాడు" అన్నాను.

మాది దుకాణాల వంశం. అడగందే అమ్మైనా పెట్టదని లోకమంటుంది; తిట్టందే ఎవడూ తగ్గించడని మా ఇంట్లో అంటారు. అందుకని పెళ్లిచూపులకొచ్చిన మేనత్తలా మొదలెట్టాను. రంగు వెలిసిందన్నాను. రెక్క వంకరన్నాను. ఆఖరికి, దీనికి నోరే లేదు, ఎక్కడో ఊడిపోయినట్టుందని పెదవి విరిచి, వెనక్కి తిరిగి నడిచాను.

అలా నడిస్తే వెనకనుంచి పిలుపు రావాలి. అది మా బజారు ధర్మం. పిలుపు రాలేదు. చెత్తడబ్బా మూత తెరిచిన చప్పుడొచ్చింది.

పాడైన సరుకు అమ్మడం తప్పని, పెద్దాయన చిమ్మటను పారేయబోతున్నాడు. సరళ పరుగెత్తుకెళ్లి పెట్టె పట్టుకుంది. ఈ జాతికి రెక్కలొచ్చాక తినే నోరే ఉండదనీ, ఇంత చక్కటిది తానెక్కడా చూడలేదనీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"మరి అతనెందుకలా అన్నాడు?" అన్నాడు పెద్దాయన.

"ఆయన మా హజ్బెండండీ. కొందామనే వచ్చారు. వాళ్లింట్లో ఎంత నచ్చితే అన్ని వంకలు పెడతారు."

పెద్దాయన పగలబడి నవ్వి, పెట్టెను ఊరికే ఆమె చేతిలో పెట్టాడు. "నిన్ను పెళ్లాడే ముందు ఎన్ని పెట్టాడు?"

సరళ నావైపు తిరిగింది. "ఒక్కటీ పెట్టలేదు. అదే ఇప్పుడు డౌట్‌గా ఉంది."

ఇక ఈ జన్మలో భార్య వినేలా ఏ సరుకుకీ వంక పెట్టనని అక్కడే, ఆ చెత్తడబ్బా సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇల్లు చేరేదాకా ఆవిడ డ్రైవింగ్‌కి మాత్రం పెడుతూనే వచ్చాను. ప్రేమ రుజువు చేసుకోవద్దూ మరి.