సీసాకి కట్టిన దారం

మా పెద్దమ్మ పోయింది. పోయిన మంగళవారం తెల్లవారుతుండగా, పలాస దగ్గర మా ఊళ్ళో, నేను పక్క మంచం మీద పడుకుని ఉండగానే పోయింది. ఆమెను చూసుకోవడానికే టెక్కలిలో ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాను. చూసుకున్నదేమీ లేదు, నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆమెతో జీడిపప్పు షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళకి ఎలా చెప్పాలా అనుకుంటూ వీధిలోకి వచ్చేసరికి వాళ్ళే ఎదురొచ్చారు. నా ముఖం చూసి నేరుగా లోపలికి నడిచారు.

ఉద్దానంలో జీడిపిక్కలు కొట్టి బతికిన ఎందరో ఆడవాళ్ళలో ఆమె ఒకతె. ఊహ తెలిసినప్పటి నుంచి పలాస ఫ్యాక్టరీల్లో కూర్చుని పిక్క పగలగొట్టి పప్పు తీసింది. జీడి జిడ్డుకి వేళ్ళు నల్లబడిపోయి, చిన్నప్పుడు నాకు జడ వేస్తే రిబ్బన్లకి ఆ మరక అంటుకునేది. నేను గొడవ పెడితే, "నీ రిబ్బను కొన్నాది ఈ నలుపేనే" అనేది.

పెదనాన్న కిడ్నీలు పాడై చనిపోయారు. మా ఊళ్ళో ఆ మాట చెబితే ఎందుకు అని ఎవరూ అడగరు, ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతారు.

కరోనా వచ్చి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పిక్కలు బస్తాల్లో ఉండిపోయాయి, వాటిని కొట్టే చేతులు ఇళ్ళల్లో ఉండిపోయాయి. ఎప్పుడు తెరుస్తారా అని ఊరంతా ఎదురుచూస్తుంటే, తెరిచాక మళ్ళీ అలాగే వెళ్ళి కూర్చోవాలా అని పెద్దమ్మ ఒక్కర్తే ఆలోచించింది. తనతో కలిపి తొమ్మిది మందిని పోగేసి, కొబ్బరికాయలు దాచే పాత షెడ్డు ఒకటి మాట్లాడింది. పిక్కల్ని డ్రమ్ములో కాల్చి ఊరి మీదికి నల్లపొగ వదలడం వద్దు, ఆవిరికి ఉడికించి ఎండలో ఆరబెడదామంది. వచ్చినదంతా తొమ్మిది సమాన వాటాలంది. ఇంట్లో వాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళి పనికి రాని రోజున కూడా వాటా వాటానే. పప్పు విరిగితే కూలి కోసే పద్ధతి వద్దంది. "బద్దయిపోతే పిక్కది తప్పు గాని సేతిది కాదు" అని ఆమె తీర్పు.

అప్పు కోసం దరఖాస్తు రాసింది నేనే. చదువుకున్నదాన్ని కదా, ముందు ఆవిరి డబ్బా రాశాను, తర్వాత పిక్క కోసే మిషన్లు, కాటా, చిట్టచివర ఒక మరుగుదొడ్డి. పెద్దమ్మకి చదువు రాదు. మొత్తం నా చేత చదివించుకుని, ఆ చివరిది తెచ్చి మొదట పెట్టమంది. నాకు చిరాకేసింది, అయినా మార్చాను. అప్పులిచ్చే ఆఫీసులో ఆ కాగితం చూసినాయన, ఇది జీడిపప్పు షెడ్డా, మరుగుదొడ్డి పథకమా అని నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు.

"ఆడోలం తెల్లారి ఆరింటికి కూకుంటే సాయంకాలం దాకా లేవం బాబూ. నీల్లు తాగితే లేవాల. లేత్తే ఎక్కడికెల్తాం? అందుకని తాగం. ఇన్నేల్లూ అలాగే కూకున్నాం."

ఆయన నవ్వు ఆపి కాగితం తీసుకున్నారు. అన్నేళ్ళు ఆమె చేతి అన్నం తిన్నాను గాని, పని చోట ఆమె నీళ్ళు తాగదన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

అప్పు వచ్చి షెడ్డు మొదలయ్యాక తాళంచెవి ఆమె బొడ్డులోనే ఉండేది. గుమ్మం దగ్గర కుండ పెట్టి, ఒక్కొక్కరు చెంబుడు నీళ్ళు తాగితే గాని తలుపు తీసేది కాదు. సగం ఒలకబోసి తాగేశాం అన్నవాళ్ళకి మళ్ళీ నింపి ఇచ్చేది. ఇదేం గోల అని వాళ్ళు విసుక్కుంటే, "ఈ కిడ్నీల రోగం ఎందుకొత్తందో డాక్టర్లు తేల్సుకుంటారు. ఈలోగా మనం నీల్లు తాగితే నట్టమేటి?" అనేది.

రెండేళ్ళకి ఆమె కాళ్ళు వాచాయి. పరీక్ష కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. చదివి మడతపెట్టేశాను. "సెప్పకులే. మీ పెదనాన్న కాయితం కూడా ఇలాగే ఉండీది" అంది. ఆమెకి ఎందుకొచ్చిందో నాకు తెలియదు. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం మాత్రం ఇప్పటికీ ఉంది.

డయాలసిస్ మొదలయ్యాక రోజుకి ఇంతే నీళ్ళు తాగాలని చెప్పారు. ఆ కొలతకి ఒక గాజు సీసా చూసుకుని, అంతవరకు గుర్తుగా ఎర్రదారం కట్టుకుంది. ఒంట్లో బాగున్న ప్రతి ఉదయం ఆ సీసా పట్టుకుని షెడ్డు గుమ్మంలో కూర్చుని అందరి చేతా నీళ్ళు తాగించేది. ఆమె ముందు తాగడానికి మనసొప్పక వాళ్ళు అటు తిరిగి తాగేవారు. దానికీ తిట్టేది. "ఇటేపు తిరిగి తాగండే. మీరు తాగతంటే నాకు సల్లగుంటాది."

సోమవారం మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. "పాపా, అరగుక్కెడు నీల్లియ్యే" అని అడిగింది. నీ సీసాలో ఉన్నాయి కదా, అవి తాగు అన్నాను. అవి సాయంకాలానికి దాచుకున్నానంది. కొలత దాటితే ఊపిరి ఆడదని డాక్టరు చెప్పిన మాటే నేనూ చెప్పాను. "పెద్ద డాక్టరమ్మవి" అని నవ్వి గోడవైపు తిరిగింది. సాయంకాలానికి నిద్రపట్టింది. పడుకోనిద్దామని లేపలేదు.

నువ్వు చేసింది సరైనదే అని అందరూ అంటున్నారు. అయి ఉండొచ్చు. కానీ ఇవ్వాల్సింది. అరగుక్కెడు ఇవ్వాల్సింది.

ఉడికించిన పిక్కలు ఆగవు కాబట్టి శుక్రవారం షెడ్డు తెరిచారు. నేనూ వెళ్ళాను. ఎనిమిది మందీ ఆమె కూర్చునే గుమ్మం వైపు తిరిగి, ఒకరి తర్వాత ఒకరు చెంబుడు నీళ్ళూ తాగి లోపలికి వెళ్ళారు. ఏడుస్తూనే తాగారు, ఎవరూ ఒలకబోయలేదు.

ఇంటికొచ్చి ఆమె మంచం కింద ఊడుస్తుంటే సీసా చేతికి తగిలింది. ఎర్రదారానికి బాగా కింద, అడుగున రెండు వేళ్ళ నీళ్ళున్నాయి. సాయంకాలానికి దాచుకున్నవి. వాటినింకా నేను పారబోయలేదు.