దుప్పటి మధ్యలో ఖాళీ

మా అత్తగారు అబద్ధాలాడరు. పురాణాలు చెబుతారు. రెండింటికీ తేడా ఏమిటని పెళ్ళైన కొత్తలో మా ఆవిడని అడిగాను. "అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు ఒప్పుకుంటారు," అంది.

అత్తగారు పిల్లల బట్టల కొట్లో ఎంబ్రాయిడరీ మిషను మీద పనిచేస్తారు. ఆ కొట్లో దుప్పటి కొంటే దాని మీద బిడ్డ పేరు కుట్టి ఇస్తారు. పేరు ఇంకా పెట్టనివాళ్ళు కూడా వస్తారు. "కాస్త పురాణాల్లోదిలా ఉండాలండీ, కానీ ఇంకెవరికీ ఉండకూడదు," అంటారు. పురాణాల్లో ఉన్న పేర్లన్నీ ఎప్పుడో ఎవరో ఒకరు పెట్టేసుకున్నారు. అందుకని అత్తగారు లేనివి ఇస్తారు. వజ్రకేతు. మేఘశీల. తరంగధాత్రి. నోట్లోంచి గుండుసూదులు తియ్యకుండానే చెబుతారు. మేఘశీల అంటే ఎవరమ్మా అని అడిగితే, "కరువొచ్చి దేవతలందరూ కొట్టుకుంటుంటే, మబ్బుల్ని గదమాయించి వరసలో నిలబెట్టిన పిల్ల," అంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వచ్చినవాళ్ళకి ఒళ్ళు పులకరిస్తుంది. పేర్లు పొడుగు కాబట్టి కొట్టు యజమానికీ పులకరిస్తుంది. ఆయన తీసుకునేది అక్షరానికింత అని.

ఇంతమందికి పేర్లు పెట్టిన మనిషికి సొంత మనవరాలికి పేరు పెట్టే యోగం లేకపోయింది. అడ్డం పడింది మా ఆవిడ.

మా ఆవిడ పేరు జ్యోతిర్ధర. దేవతలూ రాక్షసులూ యుద్ధానికి వెళుతూ, లోకంలో ఉన్న ఒక్కగానొక్క దీపాన్ని ఒక చిన్నపిల్ల చేతికిచ్చి, మేం వచ్చేదాకా ఆరిపోకుండా చూడమన్నారట. ఆ పిల్ల పేరది. చిన్నప్పుడు ఈ కథ వినందే మా ఆవిడకి ముద్ద దిగేది కాదు. బళ్ళో ఒకరోజు టీచరు అందరినీ పేర్లకి అర్థం అడిగింది. ఈవిడ లేచి నిలబడి కథంతా చెప్పింది, చేతులు తిప్పుతూ మరీ చెప్పింది. టీచరు చాలా నెమ్మదిగా, "అలాంటి పిల్ల ఏ పురాణంలోనూ లేదమ్మా," అంది. ఆ రోజు నుంచి బడి వదిలేదాకా మా ఆవిడ పేరు 'కొత్తపురాణం'. ఇంటికొచ్చి తల్లిని నిలదీస్తే, ఆవిడ మిషను ఆపకుండా, "మీ టీచరుకి తెలిసినవి అయిపోయాక నా దగ్గరికి రమ్మను," అన్నారట.

మా ఆవిడ మరిచిపోయేవి చాలా ఉన్నాయి. గ్యాస్ కట్టెయ్యడం, నా పుట్టినరోజు. ఇది మాత్రం మరిచిపోలేదు.

అందుకని పాపతో ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే తీర్పు చెప్పేసింది. "నా కూతురికి రెండక్షరాల పేరు చాలు. వెనకాల కథలూ గిథలూ ఉండవు. అమ్మా, నువ్వు నోరు మెదపడానికి వీల్లేదు."

"సరే," అన్నారు అత్తగారు. ఆవిడ అంత తేలిగ్గా సరే అనగా నేనెప్పుడూ వినలేదు. భయమేసింది.

మర్నాడు ఒక దుప్పటి తెచ్చారు. చుట్టూ అంచు కుట్టారు, నాలుగు మూలలా పిట్టల్ని కుట్టారు, మధ్యలో ఖాళీగా వదిలేశారు. మంచం మీద పరిచి వెళ్ళిపోయారు. పాప ఆ ఖాళీ మీదే పడుకుంది.

రెండక్షరాల పేర్లు వెతకడం మొదలుపెట్టాం. నేను చెప్పిన మొదటి పేరు పక్కింటి కుక్కది. రెండోది నేను బాగుచేసే ఫ్రిజ్జుల్లో ఒక రకానిది. మూడోది ఎవరిదో చెప్పకపోవడమే మంచిదని నాకే తోచి ఊరుకున్నాను. మా ఆవిడ అనుకున్నవి పొద్దున బాగుండేవి, సాయంత్రానికి చప్పబడిపోయేవి. పిలిస్తే పాప అటు తిరిగి పడుకునేది. పాప పాపగానే ఉండిపోయింది.

అత్తగారు రోజూ పని అయ్యాక వచ్చి పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. నోరు తెరిచేవారు, మూసేవారు. మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం, మధ్యలో నేను టీ పెట్టేవాణ్ణి. ఒకరోజు కొట్టు యజమాని నాకు ఫోన్ చేశాడు. "మీ అత్తగారికి ఒంట్లో బాగాలేదా? పేరు చెప్పమని వచ్చినవాళ్ళని, మీకు నచ్చిందే పెట్టుకోండి అని పంపేస్తున్నారు," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ ఊరందరికీ పంచింది సొంత కూతురింట్లో చెల్లకపోయేసరికి, ఆవిడ ఊరికి పంచడం కూడా మానేశారు. మా ఆవిడకి చెప్పాను. "నాకూ కనిపిస్తోందిలే," అని పాప బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. అవి అప్పటికే మడతపెట్టి ఉన్నాయి.

ఆ ఆదివారం మధ్యాహ్నం పాప ఏడుపు అందుకుంది. పాలిచ్చినా ఆగదు, భుజాన వేసుకున్నా ఆగదు, నేను పాడినా ఆగదు. నేను పాడాక ఇంకాస్త పెరిగింది. నన్ను వంటింట్లోకి తరిమేశారు. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఏదో గౌను అంచు కుడుతున్నారు. మా ఆవిడ గదిలో అటూ ఇటూ తిరిగి తిరిగి, ఇంకేమీ తోచక, మొదలుపెట్టింది.

"అనగనగా దేవతలూ రాక్షసులూ యుద్ధానికెళ్ళారట. వెళుతూ వెళుతూ ఒక పిల్ల చేతికి లాంతరిచ్చి..."

"లాంతరు కాదు, దీపం," అన్నారు అత్తగారు.

అన్నాక నాలిక్కరుచుకున్నారు. ఏడుపు కూడా ఒక్క క్షణం ఆగింది.

"ఏదైనా ఒకటేలే," అంది మా ఆవిడ.

"ఒకటెట్లా అవుతుందే? లాంతరుకి గాజు ఉంటుంది. గాలొస్తే భయం లేదు. ఇంక కాపలా ఎందుకు?"

"సరే, దీపమే. మరి యుద్ధం అయ్యాక ఎవరొచ్చారు? చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు నువ్వు."

"ఎవరూ రాలేదు."

"ఎవరూ రాకపోవడమేంటమ్మా?"

అత్తగారు గౌను ఒళ్ళో పెట్టుకున్నారు. "రాలేదు మరి. నువ్వు పుట్టినప్పుడు వార్డులో ప్రతి మంచం చుట్టూ జనమే. అత్తలు, పిన్నులు, బాబాయిలు. మన మంచం దగ్గర నువ్వూ నేనే. మీ నాన్న అప్పటికే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. నర్సు వచ్చి, మీ తాలూకు ఎవరూ లేరా అంది. నిన్ను అలా ఉత్త చేతులతో లోకంలోకి ఎలా పంపను? మనుషులు లేరు కదా అని దేవతల్ని తెచ్చుకున్నాను. పేరు పొడుగుంటే వెనకాల చాలామంది ఉన్నట్టు ఉంటుందని."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతిలో ఉల్లిపాయ ఉంది కాబట్టి పరువు దక్కింది.

మా ఆవిడ వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. ఏడుపు సద్దుమణిగేదాకా పాప వీపు నిమిరింది. "ఎవరో ఒకరు రావాలమ్మా," అంది చివరికి. "ఆ పిల్ల ఎంతకాలమని నిలబడుతుంది? చేతులు లాగవా?"

"లాగుతాయి."

"తెల్లారేసరికి ఇంకో పిల్ల వస్తుంది. నువ్వు కాసేపు కూర్చో, నేను పట్టుకుంటాను అంటుంది." తల్లి వైపు తిరిగింది. "ఆ పిల్ల పేరేంటి?"

"నేను నోరు మెదపకూడదు కదా."

"అమ్మా!"

"అరుణసఖి," అన్నారు అత్తగారు. అంత వేగంగా వచ్చిందంటే, ఆస్పత్రి రోజు నుంచీ ఆవిడ నాలిక చివరే ఉందన్నమాట.

"ఐదక్షరాలు," అన్నాను నేను వంటింట్లోంచి. ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత నెలలో పాపకి సూదిమందు వేయించడానికి అత్తగారితో కలిసి ముగ్గురం వెళ్ళాం. పాప ఆ దుప్పట్లోనే ఉంది. వరసలో మా వెనకున్న పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని దుప్పటి మీది పేరు చదివాడు. "చక్కటి పేరమ్మా. ఏ పురాణంలోది?" అన్నాడు.

నేను పైన ఫ్యాను చూడటం మొదలుపెట్టాను.

"కొత్తపురాణంలోదండీ. మా అమ్మ చెప్పింది," అంది మా ఆవిడ. పాపని నా చేతిలో పెట్టి, అంతమందిలో నిలబడి, దీపం దగ్గర్నుంచి తెల్లారేదాకా కథంతా చెప్పింది, చేతులు తిప్పుతూ మరీ చెప్పింది. అత్తగారు తల వంచుకుని పాప కాలి మేజోడు సరిచేస్తూ ఉండిపోయారు. మేజోడు సరిగ్గానే ఉంది.