నిలబడిన టెంకాయ

మా నాయన ఉరవకొండ చుట్టుపక్కల బోర్లకు నీళ్లు చూసేవాడు. అరచేతిలో అడ్డంగా పెట్టుకున్న టెంకాయ లేచి నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు. ఇప్పుడు మతిమరుపు జబ్బుతో నన్నే గుర్తుపట్టడు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, "ఏ ఊరమ్మా మీది? బోరు పాయింటుకొచ్చినావా?" అన్నాడు. కూతురినని చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఆ రోజు అవునన్నాను. సంబరంగా టెంకాయ తీసుకుని మా బీడు చేనికి నడిచాడు. "చెప్పులిడిసి నువ్వే పట్టుకో" అంటూ దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

పది అడుగులు వేశానో లేదో, నేను చెయ్యి కదపకుండానే టెంకాయ మెల్లగా లేచి నిలబడింది. గాలి కూడా లేదు.

నాయన నవ్వాడు. "మా పాపకూ ఇట్లే లేసింది. చిన్నప్పుడు, నేను నిద్రపోతాండాననుకోని దొంగతనంగా పట్టుకునింది. భయపడి శెనిక్కాయల మూట యెనక దాచేసింది. నేను చూసినట్టు దానికి తెలీదు."

ఆ దొంగతనం గురించి ఇన్నేళ్లలో నేనెవరికీ చెప్పలేదు.

"ఆ పాప ఇప్పుడు యాడుండాది?" అన్నాను.

ఆయన చుట్టూ చూశాడు. "ఈడే యాడో ఉండాది. గట్టిగా మాట్లాడొద్దమ్మా, బెదురుతాది."

అక్కడ మేం బోరు వేయలేదు. ఇప్పుడు ఆయన "ఏ ఊరమ్మా" అంటే కూతురినని వాదించను. చెప్పులు విడిచి, చెయ్యి చాపుతాను.