డెల్మాకి ఎడంచేతి తుపాకీ

డెల్మా క్రోథర్స్ ఏ వస్తువూ ఊరికే కొనదు. ఒకసారి కెటిల్ కొనడానికి ఆమెకి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా గిన్నెలో నీళ్లు కాచుకుని టీ తాగింది. ఎవరింటికి వెళ్లినా వాళ్ల కెటిల్ మూత తీసి, అడుగు చూసి, కొని ఎన్నాళ్లయింది, ఎన్నిసార్లు బాగుచేయించారు అని ఆరా తీసింది. "డెల్మా కారు కనిపిస్తోంది, కెటిల్ దాచెయ్యండి" అని చుట్టుపక్కల స్టేషన్లలో, అంటే వేల ఎకరాల గొర్రెల ఫారాల్లో, నవ్వుకునేవారు. అలాంటి మనిషికి అరవై ఒకటో ఏట తుపాకీ కొనాల్సిన పని పడింది.

వారెగో నదికి పడమట ఆమెకి ముప్ఫై వేల ఎకరాల ఎర్రనేల, దాని మీద రెండు వేల గొర్రెలు ఉన్నాయి. భర్త క్లైవ్ పోయి నాలుగేళ్లయింది. కిందటేడు కంచె బిగిస్తుంటే ముళ్లతీగ తెగి ఎగిరొచ్చి ఆమె కుడికంటికి తగిలింది. కన్ను దక్కలేదు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి ఒక అడవి కుక్క మంద మీద పడుతోంది. ఒక్కో రోజు ఐదారు గొర్రెపిల్లల్ని చంపేది, తినేది మాత్రం ఒక్కదాన్నే. ఇరుగుపొరుగువాళ్లు వంతులేసుకుని కాపలా కాశారు, విషం పెట్టారు, బోన్లు పెట్టారు. ఆ కుక్క అందర్నీ ఉత్తచేతులతో ఇళ్లకు పంపించింది.

తెల్లవారుజామున పడమటి నీళ్లతొట్టి దగ్గర అది రెప్పపాటు కనపడుతుందని డెల్మాకి తెలుసు. క్లైవ్ తుపాకీ పట్టుకుని వెళ్లి కూర్చుంది కూడా. కానీ మిగిలింది ఎడమ కన్ను. ఆ కంటితో గురి చూడాలంటే తుపాకీ ఎడమ భుజానికి ఆనించాలి. గుండు మార్చే బోల్టు పిడి మాత్రం కుడివైపు ఉంది. మొదటి గుండు తప్పిపోయి, చెయ్యి అటు పోనిచ్చి ఆ పిడి లాగేసరికి అక్కడ దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు. అలా మూడుసార్లయింది. జూన్ ఆఖరుకి కుక్క చావకపోతే మందంతా అమ్మేస్తానని గొర్రెల బేరాల ఏజెంటుకి మాటిచ్చేసింది. గొర్రెలు పోయాక ఆ నేల మీద ఆమెకేం పని? టూవుంబా పట్నంలో అక్క ఇంట్లో వెనక గది ఆమె కోసం సిద్ధంగానే ఉంది. ఆ గది తలుచుకుంటేనే ఆమెకి ఊపిరాడేది కాదు.

క్లైవ్ వాళ్లింట్లో తాతల నాటి నుంచీ హాల్‌బ్రూక్ కంపెనీ తుపాకీ తప్ప ఇంకోటి గుమ్మం దాటి రాలేదు. కొందరి ఇళ్లల్లో తరతరాలుగా ఒకే పార్టీకి ఓటేస్తారే, అలాగన్నమాట. అందుకని డెల్మా జీవితంలో మొదటిసారి ఏ ఆరా తీయకుండా తిన్నగా టల్లవోరా ఊళ్లో మెర్వ్ కొట్టుకి వెళ్లింది. మెర్వ్ డెబ్భై దాటినవాడు. కొట్టు ముందు భాగంలో మేకులూ గొర్రెల మందులూ అమ్ముతాడు, వెనక ఇనప తలుపు గదిలో తుపాకులు పెడతాడు.

"హాల్‌బ్రూక్ ఎడంచేతిది ఉందా మెర్వ్?"

"ఉంది. మూడేళ్లుగా ఉంది. నన్ను చూసి అదీ, దాన్ని చూసి నేనూ ముసలాళ్లమైపోతున్నాం."

"అయితే ఇచ్చెయ్, కాగితాలు రాసుకుందాం."

మెర్వ్ కదల్లేదు. "కెటిల్‌కి ఏడాది తీసుకున్నావు. దీనికి ఏడు నిమిషాలైనా తీసుకోవా?" అంటూ పెళ్లి ఆల్బమంత లావున్న హాల్‌బ్రూక్ పుస్తకం తెచ్చి బల్ల మీద పడేశాడు. "ఇందులో ఎడంచేతివి ఎక్కడున్నాయో వెతుకు."

డెల్మా చాలాసేపు తిప్పింది. చివర్లో, అరపేజీలో, రెండే రకాలు ఉన్నాయి.

"ఆ రెండూ భుజం విరగ్గొట్టే రకాలే. కుక్కకి అవెందుకు, రైలింజన్నైతే ఆపుతాయి" అన్నాడు మెర్వ్. "పుస్తకం లావు చూసి ఏం లాభం, నీకు కావల్సిన పేజీ లేకపోయాక."

"క్లైవ్ వాళ్ల తాత నుంచీ ఇదే గదా మెర్వ్."

"తాత కొన్న హాల్‌బ్రూక్ వేరు. ఎనిమిదేళ్ల కింద వాళ్లు కంపెనీ ఎవరికో అమ్మేసుకున్నారు. గొట్టం మీద పేరొక్కటే పాతది. ఆ తర్వాత నేను ఆరు అమ్మితే రెండు తిరిగొచ్చాయి. ఒక్క బోల్టు కోసం ఐదు నెలలు ఎదురుచూశా." తర్వాత సొరుగులోంచి పల్చటి పుస్తకం ఒకటి తీశాడు. ఫిన్లాండువాళ్ల కోర్పేలా కంపెనీది. ఉన్నవి తొమ్మిది రకాలే, కానీ ప్రతిదానికీ పక్కనే ఎడంచేతిది కూడా ఉంది.

"ఇది మంచిదా?"

"నేను అమ్మినవి మూడే. మూడింటితో ఏం చెప్తాను? లైల్ చిల్లర్ దగ్గరికెళ్లి అడుగు. అక్కడ అబద్ధాలు చెల్లవు."

మూడేళ్లుగా అమ్ముడుపోని సరుకు వదిలించుకునే అవకాశం కాళ్ల దగ్గరికొస్తే తన్నేసిన వ్యాపారిని డెల్మా అదే మొదటిసారి చూడటం. కారెక్కాక ఆమెకి కన్ను చెమర్చింది.

లైల్ చిల్లర్ అంటే ఊరి చివర రోడ్డు పక్కన దింపిన పెద్ద కోల్డ్‌రూం డబ్బా. కంగారూ వేటగాళ్లు మాంసం కోసం కొట్టిన కంగారూల్ని తెల్లారేసరికి తెచ్చి అందులో వేలాడదీస్తారు. గుండు తలకే తగలాలని రూలు. కాస్త పక్కకి పోయినా, సరుకు కొనే లైల్ మొహమాటం లేకుండా వెనక్కి పంపేస్తాడు. ఏడాదికి వేల గుండ్లు కాల్చి, ఆ గురి మీదే ఇల్లు నడుపుకునేవాళ్లు వాళ్లు. కొట్లో మెరిసిన తుపాకీ ఆరు నెలలు బండి వెనక దుమ్ములో తిరిగితే ఏమవుతుందో వాళ్లకి తెలిసినట్టు తయారుచేసినవాడికి కూడా తెలియదు.

డెల్మా వరసగా నాలుగు రోజులు పొద్దున్నే బిస్కెట్ల డబ్బాతో అక్కడికి వెళ్లింది. మొదట ఏది విరిగింది? విరిగిన ముక్క ఎన్నాళ్లకొచ్చింది? కంపెనీకి ఫోను చేస్తే మనిషి పలుకుతాడా, పాట పలుకుతుందా? చలికి బోల్టు బిగుసుకుంటుందా? ఏడుగురు వేటగాళ్లని ఇలా పీక్కుతింది. కొత్త హాల్‌బ్రూక్ పేరెత్తితే నలుగురు నవ్వారు, ఒకడు ఉమ్మేశాడు. కోర్పేలా గురించి మాత్రం అందరిదీ ఒకటే మాట.

"దాని సంగతి నెవ్ చెప్పాలి. పన్నెండేళ్లుగా అదే వాడుతున్నాడు, పైగా ఎడంచేతోడు" అన్నాడు లైల్. తర్వాత బిస్కెట్ కొరుకుతూ, "నువ్వు వాణ్ణి ఎలా అడుగుతావులే" అన్నాడు.

ఎలా అడుగుతుంది? ఆ ప్రాంతంలో గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లాలి. తీసుంటే తీసే ఉంచాలి, మూసుంటే మూసెయ్యాలి. ఇది చంటిపిల్లలకి కూడా తెలుసు. పందొమ్మిదేళ్ల కింద క్లైవ్ పొట్టేళ్ల దొడ్డి గేటు ఒక రాత్రంతా తెరిచే ఉండిపోయింది. పొట్టేళ్లు ఆడ మందలో కలిసిపోయి, పిల్లలు మండు వేసవిలో పుట్టి, సగానికి సగం ఎండకి చచ్చాయి. ఆ వారం అక్కడ వేటకి తిరిగింది ఈ నెవ్, నెవిల్ డ్యూర్. క్లైవ్ అతన్ని తిట్టి వెళ్లగొట్టడమే కాక పబ్బులో అందరికీ చాటాడు. పదకొండు స్టేషన్ల వాళ్లు నెవ్‌ని తమ నేల మీదకి రావద్దన్నారు. అప్పట్నుంచీ అతను నూటయాభై కిలోమీటర్లు పోయి వేటాడి వస్తున్నాడు.

నిజానికి ఆ సాయంత్రం నీళ్లతొట్టి చూడ్డానికి వెళ్లి, ఒంట్లో బాగాలేని తల్లి నుంచి ఫోనొస్తుందేమోనని గాభరాగా తిరిగొచ్చేస్తూ గేటు మూయడం మరిచిపోయింది డెల్మా. మర్నాడే ఆమెకి గుర్తొచ్చింది. క్లైవ్ కోపం ఎలాంటిదో కూడా గుర్తొచ్చింది. నోరు మూసుకుంది.

అయినా వెళ్లింది. నెవ్ రేకుల ఇంటి ముందు కూర్చుని కత్తులు నూరుతున్నాడు. ఆమెని చూసి లేచి, "కన్నెలా ఉంది?" అన్నాడు.

"ఒకటి బాగానే ఉంది" అంది డెల్మా. వచ్చిన పని చెప్పింది.

అతను లోపలికెళ్లి కోర్పేలా తెచ్చాడు. "ముందు దీని తప్పులు చెప్తా విను. వానలెక్కువైన ఏడాది భుజానికానే ఈ కర్ర ఉబ్బుద్ది. సేఫ్టీ మీట గట్టిది, నీ బొటనవేలు నెప్పెడుతుంది. ధర కూడా ఎక్కువే. గొట్టం మూడుసార్లు మార్చా, కానీ బోల్టు మాత్రం మొదటిదే. ఒకసారి స్ప్రింగు పోయిందని ఫిన్లాండుకి ఉత్తరం రాస్తే, తప్పుల ఇంగ్లీషులో జవాబు రాసి, కవర్లో స్ప్రింగు కూడా పెట్టి పంపారు."

"అంతేనా?"

నెవ్ తుపాకీని అరచేత్తో నిమిరాడు. "బళ్లో ఎడంచేత్తో రాస్తే కర్రతో కొట్టేవాళ్లు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు కుడిచేతి తుపాకీతోనే తిప్పలు పడ్డా. ఇది మొదటిసారి భుజానికి పెట్టుకున్న రోజు, ఎక్కడో ఒకడు నాలాంటోణ్ణి కూడా తలుచుకుని పనిచేశాడే అనిపించింది. పిచ్చోడిలా నవ్వుకున్నా."

డెల్మా వెళ్లి మెర్వ్‌ని ఎడంచేతి కోర్పేలా తెప్పించమంది. పర్మిట్ వచ్చేలోగా ఊరి గన్ క్లబ్బు మైదానంలో నెవ్ తన తుపాకీతోనే రోజూ ఆమెకి నేర్పాడు. స్టేషన్‌కి రమ్మంటే మాత్రం, "క్లైవ్ రావద్దన్నాడు గదా" అన్నాడు, క్లైవ్ ఇంకా బతికే ఉన్నట్టు.

"చెంప లేపకు. గుండు ఎటు పోయిందో తర్వాత చూద్దువుగానీ, ముందు బోల్టు లాగు. ఊపిరి బిగబట్టమన్నాను గానీ చచ్చిపొమ్మనలేదు తల్లీ."

జూన్ ఇరవై మూడున, పొద్దు పొడుస్తుండగా, కుక్క తొట్టి దగ్గరికొచ్చింది. డెల్మా మొదటి గుండు ఇసకలోకి పోయింది. చెంప లేపలేదు. ఎడంచెయ్యి దానంతటదే బోల్టు లాగి తోసింది, రెండో గుండుకి కుక్క ఉన్నచోటే కూలబడింది. ఆమె కూడా ఎర్రమట్టిలో అలాగే చతికిలబడి, మెర్వ్‌కీ, నెవ్‌కీ, ఫిన్లాండులో మొహం తెలియని ఎవరో పనివాడికీ పేరుపేరునా మనసులో కృతజ్ఞతలు చెప్పుకుంది. ఇంటికొచ్చి ఏజెంటుకి ఫోను చేసి లారీలు అక్కర్లేదంది.

శనివారం పొద్దున చిల్లర్ దగ్గర అందరూ ఆమె చుట్టూ చేరారు.

"రెండో గుండు అంత తొందరగా ఎలా వేశావ్? ఎవరు నేర్పారు?" అన్నాడు లైల్.

"నెవ్ నేర్పాడు."

"అయితే నీ గేట్లు ఓసారి చూసుకో" అన్నాడు వేటగాళ్లలో ఒకడు. అందరూ నవ్వారు.

ఒక తుపాకీ పేరు నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి ఇదే చోట నాలుగు రోజులు నిలబడి ఏడుగురిని అడిగింది డెల్మా. నెవ్ పేరు కోసం మాత్రం పందొమ్మిదేళ్లలో ఒక్కరి దగ్గర ఒక్క మాట ఎత్తలేదు. ఆమెకి సిగ్గుతో మొహం మండిపోయింది.

"ఆ గేటు మూయనిది నేను" అంది. "నెవ్ కాదు. క్లైవ్‌కి భయపడి చెప్పలేదు. వెళ్లి అందరికీ చెప్పండి."

లైల్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం నెవ్ బండి స్టేషన్‌లోకి వచ్చింది. దిగుతూనే, "ఏం చేశావ్ డెల్మా? నిన్నటి నుంచి నాలుగు ఫోన్లు. ఫారెల్ స్టేషన్ వాళ్లు కూడా వేటకి రమ్మంటున్నారు. అరవై నాలుగేళ్లొచ్చాక నాకింత పనెందుకు?" అన్నాడు.

"ఆ గేటు నాది నెవ్."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మర్నాటి నుంచి. మట్టిలో నీ బండి టైర్ల గుర్తులున్నాయి. నా బండి అటు పోనేలేదు."

"మరి క్లైవ్ అన్నన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదు?"

నెవ్ వరండా మెట్టు మీద కూర్చున్నాడు. "చెబితే నా పని నాకు మిగిలేది. ఇంట్లో నీకేం మిగిలేదో నాకు తెలీదు. ఆయన అరుపులు నేను ఒక్కరోజు విని పోయా. నువ్వు రోజూ వినాలి గదా."

డెల్మా వచ్చి అతని పక్కన కూర్చుంది. "థాంక్స్ నెవ్" అంది. అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.