ఇన్‌స్పెక్షన్‌కి చల్ల మిరపకాయలు

మంటలార్పేవాళ్ళకే మంట పెట్టిన ఘనత మా వంశంలో నాకొక్కదానికే దక్కింది. ఎలాగో చెప్తాను, నవ్వితే నవ్వండి.

నార్త్ కరోలినాలో మా ఊరి ఫైర్ స్టేషన్ పనితీరు చూడటానికి బయటివాళ్ళతో ఒక కమిటీ వేశారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని కదా, తప్పులు పట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య. మావారినడగండి, చెప్తారు. వెంటనే పేరిచ్చేశాను. కమిటీ పెద్ద లిండా, రిటైరైన టీచరు, ముందే హెచ్చరించింది.

"వాళ్ళ దగ్గర కాఫీ కూడా తాగొద్దు. మనం ఎవరి పక్షమూ కాదు."

తీసుకోవద్దంది, సరే. ఇవ్వొద్దని అనలేదుగా!

పొద్దున్నే దద్దోజనం కలిపి, చల్ల మిరపకాయలు వేయించి డబ్బాలకెత్తుతుంటే మావారు వచ్చారు.

"వెళ్ళేది ఇన్‌స్పెక్షన్‌కా, పేరంటానికా?"

"వాళ్ళు ఉండేదీ తినేదీ అక్కడేనండీ. ఒకరింటికి చేతులూపుకుంటూ వెళ్తామా?"

"మరి కారమో?"

"పెరుగన్నంలో నంజుకుంటే కారమేంటి?"

మీరే చెప్పండి, ఇందులో తప్పేముంది?

లిండా ఇంకా రాలేదు. స్టేషన్ కెప్టెన్ డేవ్ దిగులుగా ఉన్నాడు. "పోయినసారి బయల్దేరడం లేటయిందన్నారు మేడమ్. ఈసారి కూడా ఫెయిలైతే స్టేషన్ మూసేస్తారు" అన్నాడు. నా మనసు కరిగిపోయింది. డబ్బాలు వాళ్ళ వంటింటి బల్ల మీద పెట్టి, "అందరూ తినండి" అని చెప్పి, లిండా రాగానే ఆమెతో పాటు ఫైరింజన్ చూడటానికి వెళ్ళాను. ఎలా తినాలో మాత్రం చెప్పలేదు.

కాసేపటికి లిండా చెప్పాపెట్టకుండా బెల్ కొట్టించి స్టాప్‌వాచ్ నొక్కింది. ఒక్కడూ రాలేదు. లోపలికి పరిగెత్తాం.

దద్దోజనం మూత కూడా తియ్యలేదు. చిప్స్ అనుకుని మిరపకాయలన్నీ గుప్పిళ్ళతో నమిలేశారు! ఆరడుగుల మనుషులు సింకు దగ్గర తోసుకుంటున్నారు. ఒకడు హెల్మెట్‌లో నీళ్ళు పట్టుకుని తాగుతున్నాడు. బండి తోలాల్సినవాడికి కళ్ళే కనపడటం లేదు.

"ఏం జరిగింది?" అని లిండా అరిచింది. డేవ్ నోరు తెరిచి రెండు చేతులతో విసురుకుంటున్నాడు. పాపం, నా వైపు వేలు కూడా చూపించలేదు. ఈ స్టేషన్ నా చేతుల మీదుగా మూతపడుతోందే అని నాకు ఏడుపొచ్చేసింది.

"అవి నేనే తెచ్చాను లిండా."

"నువ్వా? ఎందుకు?"

"ఉత్త చేతులతో రావడం బాగుండదని."

లిండా నన్ను ఎగాదిగా చూసి స్టాప్‌వాచ్ జేబులో పెట్టేసింది. "ఈ టెస్ట్ లెక్కలోకి రాదు. మళ్ళీ పెడతాను. నువ్వు మాత్రం ఇంటికెళ్ళు" అంది.

నేను లేని ఆ టెస్ట్‌లో వాళ్ళు దర్జాగా పాసయ్యారు. డేవ్ స్వయంగా మా ఇంటికొచ్చి నా డబ్బాలు తిరిగిచ్చాడు.

"ఖాళీవి ఇవ్వడం బాగుండదని మా స్టేషన్ స్పెషల్ బీన్స్ కూర పెట్టాం. జాగ్రత్త మేడమ్, చాలా కారం!"

ఆ రాత్రి ఇద్దరం రుచి చూశాం. మావారు లేచి వెళ్ళి, నంజుకోవడానికి నాలుగు చల్ల మిరపకాయలు వేయించుకొచ్చారు.

అగ్నిసాక్షిగా చెప్తున్నాను: ఇకమీదట ఏ ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళినా చేతులూపుకుంటూనే వెళ్తాను. పిలిచేవాళ్ళుంటే.